నాలుగు పాళ్ల వృథా

ఆ ఉదయం తొకుమత్సు అనుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం వీధి పెద్దలు స్నానానికి వచ్చేలోగా తొట్టిలో నీళ్లు ఒళ్లు తట్టుకునేలా చల్లార్చాలి. అతని స్నానశాలకు వచ్చేది కొండలోంచి ఊరే వేడినీరు; గుడ్డు వేస్తే ఉడుకుతుంది. చన్నీళ్లు కలిపితే క్షణంలో పని అయిపోతుంది. కానీ ఊటనీళ్లను పలచన చేసినవాడికి ఆ వీధిలో మళ్లీ మర్యాద దక్కదు. పొడుగాటి చెక్కపలకతో కలియబెట్టి, ఆవిరి పోగొట్టి చల్లార్చాల్సిందే. ఆ పనిలో అతని భార్య చియొను మించినవాళ్లు లేరు. ఆమె పోయాక ఆమె పలక గోడకెక్కింది. కిందటిసారి పెద్దలు ఉడికిన పీతల్లా ఎర్రబడి బయటికొచ్చి, మళ్లీ ఇలాగైతే ఎగువవీధి స్నానశాలకు పోతామని చెప్పి మరీ వెళ్లారు. వాళ్లు పోతే తలుపులు మూసుకోవడమే.

అతను తన పలక ఎత్తబోతుండగా అల్లుడు యసుహిరొ తోపుడుబండి మీద ఒక యంత్రాన్ని తెచ్చి దించాడు. అతను పట్నంలో భౌతికశాస్త్రం మాస్టారు.

"ఇక మీరు చెయ్యి కదపక్కర్లేదు మామగారూ. ఇటు వేడి ఊట, అటు చల్లటి వాగు, మధ్యలో ఈ ఇంజను. వేడి ఇటునించి అటు పోతూ తెడ్డుని తిప్పుతుంది. తెడ్డు నీళ్లని కలియబెడుతుంది."

"ఎంత వేడికి ఎంత తిప్పుతుందేం?"

"ఐదు పాళ్లు తీసుకుంటే మహా అయితే ఒక పాలు పనిగా మారుతుంది. మిగతా నాలుగూ వాగులోకి పోతాయి."

"ఐదు తిని ఒకటి చేసేవాణ్ణి నేను ఇంట్లో పెట్టుకోను."

"నన్ను పెట్టుకున్నారుగా!" అల్లుడు నవ్వాడు. మామ నవ్వలేదు. "ఆ ఒక్కటీ పూర్తిగా దక్కాలన్నా, ఏ క్షణంలోనైనా వెనక్కి తిప్పగలిగేంత నెమ్మదిగా నడవాలి మామగారూ."

"ఎంత నెమ్మదిగా?"

"ఎప్పటికీ పూర్తి కానంత."

కూతురు ఈ మనిషిలో ఏం చూసిందో తొకుమత్సుకు ఆ రోజుకీ అర్థం కాలేదు.

ఊటగొట్టాన్ని యంత్రం గుండా తొట్టిలోకి మళ్లించారు. వాగునీటి గొట్టాన్ని రెండోవైపు తగిలించారు. తెడ్డు బద్ధకంగా ఒక చుట్టు తిరిగి, ఆలోచనలో పడి, మరో చుట్టు మొదలెట్టింది. అవతల వాగులోకి పడే నీళ్ల మీద మాత్రం సన్నగా పొగ లేస్తోంది. తన వేడి తన కళ్లముందే పోతోంది! అల్లుడు నూనె డబ్బా కోసం వెళ్లగానే తొకుమత్సు వాగుగొట్టంలో తువ్వాలు కుక్కాడు. కాసేపటికి తెడ్డు ఆగిపోయింది.

"చల్లటివైపు మూసేస్తే ఎలా మామగారూ? వేడి పోవడానికి చోటు లేకపోతే ఇంజనే లేదు!"

"నా వేడి నా దగ్గరుంచుకున్నా. తప్పా?"

యసుహిరొ తువ్వాలు పీకి, పోయిన సమయం కలిసిరావాలని వాగునీళ్లను పూర్తిగా వదిలాడు. తెడ్డు కొంచెం హుషారైంది. ఇంకో గంటకి వాగు దిగువనున్న టోఫు దుకాణం ఫుమియె చేట నిండా తెల్లటి ముద్దతో గుమ్మంలోకి వచ్చింది. సోయాపాలు విరిచి చేసిన టోఫు బిళ్లలను ఆమె వాగునీటి తొట్టెలో ఉంచి గట్టిపరుస్తుంది.

"ఏమయ్యా తొకుమత్సూ! నీ దగ్గరికి మనుషులు రావట్లేదని నా టోఫుకి స్నానం పోస్తున్నావా? చూడు, ఎలా విచ్చిపోయిందో! నా చల్లదనం నాకు ఇచ్చెయ్."

"మాస్టారు వెనక్కి తిప్పొచ్చన్నాడు," అన్నాడు తొకుమత్సు అల్లుడి వైపు చూస్తూ.

"అది ఆదర్శ యంత్రం గురించి..."

"తిప్పు బాబూ," అంది ఫుమియె.

ఇంజను చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పితే వాగు వేడి తిరిగి ఊటలోకి వస్తుంది. మామా అల్లుళ్లు చొక్కాలు విప్పి వంతులేసుకుని తిప్పారు. ఫుమియె వెళ్లి తన తొట్టెలో వేలు పెట్టి చూసొచ్చి పెదవి విరిచింది.

"పూర్తిగా తిరిగి రాదు మామగారూ," అన్నాడు యసుహిరొ రొప్పుతూ. "రాపిడిలో కొంత, దారిలో కొంత... ఒకసారి పోయాక అంతే."

"తెలుసు," అన్నాడు తొకుమత్సు. గోడమీది పలక వైపు చూడలేదు.

అప్పుడే పెద్దలు తువ్వాళ్లు భుజాన వేసుకుని వచ్చేశారు. కలియబెట్టడానికి ఇక సమయం లేదు. అడ్డుపడేలోపే వారిలో పెద్దవాడు తొట్టిలో కాలు పెట్టాడు. తొకుమత్సు కళ్లు మూసుకున్నాడు. కేక వినబడలేదు. మెడదాకా మునిగినవాడి నిట్టూర్పు వినబడింది.

"చియొ ఉన్నప్పటిలా ఉన్నాయి నీళ్లు. చన్నీళ్లు కలిపావా?"

"చుక్క కూడా కలపలేదు."

నిజమే. పొద్దుట్నించీ ఇంజను పారబోసిన నాలుగు పాళ్లూ ఈ నీళ్లలోంచి పోయినవే. ఇద్దరూ చెమటలు కక్కి వెనక్కి తెచ్చింది వాటిలో లెక్కకు రానిది. విచ్చిపోయిన టోఫుని ఫుమియె వేడి పులుసులో వేసి తెస్తే, పెద్దలు ఇంకా ఉందా అని అడిగి తిన్నారు. అయినా ఆమె మెత్తబడలేదు. యసుహిరొ చేత వాగుగొట్టాన్ని తన తొట్టెకు దిగువకు మార్పించాకే కదిలింది.

"చూశారా మామగారూ, ఇంజను!" అన్నాడు యసుహిరొ గర్వంగా.

మర్నాడు తొకుమత్సు తెడ్డు విప్పి పొయ్యిలో పెట్టాడు. నీళ్లు చల్లార్చే వృథాను మాత్రం ఉంచుకున్నాడు.