మిషనుకి రాసిచ్చిన భ్రమణం

ఇంట్లో చేసుకున్న సీఎన్‌సీ మిషనుకి తిరిగే ఇరుసు బిగించాలంటే ఆ ఇంట్లో ఒక మనిషి తన భ్రమణం, అంటే ఒళ్ళు పక్కకి తిప్పగలగడం, వదులుకోవాలన్నది దిశల శాఖ నిబంధన కాబట్టి, ముత్యాలరావు మంగళవారం పొద్దున్నే స్నానం చేసి సామర్లకోటలోని ఆ ఆఫీసుకి బయలుదేరాడు.

పాత ప్రింటర్ల మోటార్లు ఏరి తెచ్చి ఆ మిషను ఆయన సొంతంగా చేసుకున్నాడు. కంప్యూటరు చెప్పినట్టు చెక్క మీద లతలు, పువ్వులు చెక్కుతుంది. అయితే దాని ఉలికి ఎడమా కుడీ, ముందూ వెనకా, పైకీ కిందకీ కదలడమే తెలుసు. పలకలైతే చెక్కుతుంది గానీ గుండ్రటి స్తంభం దాని వల్ల కాదు. ఊళ్ళో జనమేమో పూజామందిరాలకి గుండ్రటి స్తంభాలే కావాలంటున్నారు. చెక్కను పట్టుకుని మెల్లగా తిప్పే ఇరుసు దొరికింది, దానికి మోటారూ దొరికింది. భ్రమణమే దొరకలేదు. శాఖ వారు కొత్తగా భ్రమణం పుట్టించరు, ఒకరి దగ్గర తీసి ఇంకొకరికి బదిలీ చేస్తారు.

ఆయన భయమల్లా కూతురు హంసిని గురించే. ఇంట్లో ఎక్కువ తిరిగేవారి భ్రమణమే శాఖ ముందు అడుగుతుంది. ఆ పిల్ల కూచిపూడి నేర్చుకుంటోంది. పళ్ళు తోముకుంటూ కూడా గిరగిరా తిరుగుతుంది.

"పిల్ల జోలికొచ్చారంటే మీ మిషను కాలవలో పారేస్తానండి," అని భార్య సత్యవేణి గుమ్మం దగ్గరే చెప్పేసింది.

ఆఫీసులో పరీక్ష పెద్దదేం కాదు. "గుళ్ళో ఆత్మప్రదక్షిణ చేసినట్టు ఉన్నచోటే మూడు చుట్లు తిరగండి," అన్నాడు గుమాస్తా. ముత్యాలరావు గుడికి వెళ్తే దణ్ణం పెట్టేసి చెప్పుల దగ్గరికి నడిచే మనిషి. రెండో చుట్టులోనే తూలి బల్ల పట్టుకున్నాడు.

"మీది చాలా తక్కువుందండి. వాడకం లేదు. ఇంట్లో ఇంకెవరిదన్నా ఉందాండి?"

"ఎవరికీ లేదండి," అని ముత్యాలరావు తడుముకోకుండా అబద్ధమాడాడు.

 గుమాస్తా తల తిప్పకుండా కుర్చీని వెనక్కి జరుపుకుంటూ బీరువా దాకా వెళ్ళి, చేత్తో తడిమి ముద్ర తీసుకుని, అలాగే ముందుకొచ్చాడు. "స్తంభానికి సరిపోద్దిలెండి. నాది మా బావమరిది పిండిమరకిచ్చేశాను. మగాళ్ళకి పెద్ద తేడా తెలీదండి," అని ముద్ర వేశాడు.

ముత్యాలరావుకి గుండెల మీంచి బండ దించినట్టయింది. పిల్ల గండం గడిచింది. ఇక ఒళ్ళు తిప్పడం కుదరదు కాబట్టి, ఇంటికి వీపు ముందు పెట్టి వెనక్కి నడుచుకుంటూనే వచ్చాడు. దారిలో మరి కొందరు అలాగే నడుస్తున్నారు. వీపులు తగిలినప్పుడు మర్యాదగా పక్కకి జరిగారు. ఎవరికీ వింతగా లేదు.

సాయంత్రానికి ఇరుసు తిరిగింది. మొదటి స్తంభం మీద లత మెలికలు తిరుగుతూ పైకి పాకుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. ఎంత బాగుందో అనుకున్నాడు.

వెనక గుమ్మంలో గజ్జెలు మోగాయి. "నానా, కొత్త జతి వచ్చింది నాకు, చూడవా," అంది హంసిని.

ఆయన వెనక్కి తిరగలేడు, పిల్లనే తన ముందుకొచ్చి ఆడమందామంటే మిషనుకీ గోడకీ మధ్య జానెడు చోటు కూడా లేదు. వెనక్కి నడిచి పిల్లనీ గుమ్మాన్నీ దాటితే పిల్ల ఎదురుగా కనిపిస్తుంది. నిబంధన దానికి అడ్డు చెప్పదు. కానీ స్తంభం సగంలో ఉంది.

"ఆడమ్మా, వింటున్నాను," అన్నాడు.

గజ్జెలు కాసేపు మోగాయి. ఒకచోట తాళం తప్పాయి, మళ్ళీ అందుకున్నాయి, ఆగిపోయాయి. పిల్ల ఇంట్లోకి వెళ్ళిపోయింది. రెండో స్తంభం చెక్కేటప్పుడు నాన్నని పిలవలేదు. మూడోదానికీ పిలవలేదు.

మంచి పిల్ల, తొందరగా అర్థం చేసుకుంది అనుకుని ముత్యాలరావు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఇంకో చెక్క బిగించాడు.