రెండో చరణం తర్వాత మూడు విజిల్స్

శుక్రవారం ఉదయం తొమ్మిది నుంచి గంటసేపు ఇంట్లో చప్పుడు ఉండకూడదన్నది ఒప్పందం. కాన్‌బెర్రాలోని గంగాలిన్‌లో కూతురు నీలిమ ఇంట్లో ఉంటున్న మంగతాయారుకూ, ఆ ఇంట్లోనే ఒక గది అద్దెకు తీసుకున్న పేమాకూ మధ్య కుదిరిన ఒప్పందం అది. పేమాది డార్జిలింగ్ కొండల్లోని కర్సియాంగ్. ఇక్కడ యూనివర్సిటీలో నర్సింగ్ చదువుతోంది. ఆమె పాడే బ్యాండ్ పేరు ఉకాలో, అంటే నేపాలీలో ఎక్కుడు దారి. వాయించే ముగ్గురూ కర్సియాంగ్‌లో ఉన్నారు, గొంతు మాత్రం గంగాలిన్‌లో ఉంది.

నిన్నమొన్నటి దాకా ఆ కొండల్లో బ్యాండ్లు హోటళ్లలో ఎవరివో పాటలు వాయించేవి. ఇప్పుడు సొంత పాటలు కడుతున్నాయి. సొంత పాటలకే మొదటిసారి ఒక సంగీతోత్సవం పెట్టారు. నలభై ఒక్క బ్యాండ్లు అడిగాయి. చోటు ఎనిమిదింటికే. పాట పంపడానికి ఆ శుక్రవారమే గడువు. పేమా తన గదిలో గొంతు రికార్డు చేసి పంపాలి.

"ఫోన్ కూడా మోగకూడదు ఆంటీ," అంది పేమా.

"నువ్వు పాడుకో తల్లీ. నేను ఊపిరి కూడా మెల్లగా పీలుస్తా."

ఇద్దరూ మాట్లాడుకునేది హిందీలో. మంగతాయారుది రాష్ట్రభాష పరీక్ష కోసం తెనాలిలో నేర్చుకున్న హిందీ. పేమాకు ముప్పాతిక వంతు అర్థమవుతుంది.

మంగతాయారు ఫోన్ ఆపింది. ఫ్యాన్ ఆపింది. గోడ గడియారంలో బ్యాటరీ తీసింది. సోఫాలో కూర్చుంది. పావుగంటకు కుక్కర్ కూసింది.

పొయ్యి మీద కందిపప్పు పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పరుగెత్తి స్టవ్ నాబ్ మీద చెయ్యి వేసింది. కానీ ఒక్క విజిల్‌కు పప్పు ఉడకదు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆమె మూడో విజిల్ రాకుండా పొయ్యి కట్టేసిన రోజు లేదు. తిప్పడానికి చెయ్యి రాలేదు. మూడూ వచ్చాకే కట్టేసింది.

పేమా హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని బయటికొచ్చింది. "ఒక్క టేక్‌లో వచ్చేసింది ఆంటీ. బిశాల్‌కి పంపేశా," అని యూనివర్సిటీకి పరుగెత్తింది. గిటార్ వాయించే బిశాలే పాటనంతా కలిపి పంపాలి.

మంగతాయారు కూతురికి ఫోన్ చేసింది.

"నీలూ, పిల్ల పాటలో నా పప్పు పడిందే!"

"అమ్మా, మీటింగ్‌లో ఉన్నా. పడితే తుడిచెయ్," అని నీలిమ పెట్టేసింది.

శనివారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది. ఉకాలోకు చోటు దొరికింది. రెండో చరణం తర్వాత మన కొండ రైలు మూడుసార్లు కూస్తుంటే లేచి నిలబడ్డామని న్యాయనిర్ణేతలు రాశారు. ఆ కూతలు పేమాయే కావాలని పెట్టిందనుకుని బిశాల్ ఉంచేశాడు.

"ఆంటీ, నేను పాడుతుంటే ఏదైనా కూసిందా?"

పిల్ల మొహం చూశాక మంగతాయారుకు నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "ట్రామ్ అయ్యుంటుందమ్మా."

"ట్రామ్ గంట కొడుతుంది కదా?"

"పొద్దుటి పూట కూస్తుందేమో."

పెద్దావిడ మాట పేమా బిశాల్‌కు చెప్పింది. బిశాల్ లోకానికి చెప్పాడు. సాయంత్రానికల్లా చోటు దొరకని ఒక బ్యాండ్ ఫిర్యాదు పెట్టింది. కాన్‌బెర్రా ట్రామ్ కూయదు, అది నెట్‌లో ఎత్తుకొచ్చిన శబ్దం అని. ప్రతి శబ్దం బ్యాండ్ సొంతమై ఉండాలన్నది ఉత్సవం నిబంధన. ఆదివారం మూడింటికి వీడియో కాల్‌లో ఆ కూత చూపించాలి, లేకపోతే చోటు తొమ్మిదోవాళ్లకు ఇస్తామని కబురొచ్చింది.

ఆదివారం రెండింటికి నీలిమ పేమాను కారులో ట్రామ్ స్టాప్‌కు తీసుకెళ్లింది. కబురందిన కొండ ప్రాంతాల విద్యార్థులు పంతొమ్మిది మంది ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ట్రామ్ వచ్చింది. ఠంగుమంది. ఇంకోటి వచ్చింది. అదీ ఠంగుమంది. సెక్యూరిటీ మనిషి వచ్చి ఈ గుంపేమిటని అడిగాడు. ట్రామ్ కూత కోసమని చెబితే ఇంకొకర్ని పిలిచాడు.

నీలిమ పక్కకెళ్లి ఫోన్ చేసింది. "అమ్మా, నిజం చెప్పు. ట్రామ్ కూయడం నువ్వు విన్నావా?"

"నేను విన్నది కుక్కర్నే."

"ఇప్పుడా చెప్పేది?"

"మొన్నే చెప్పాను. నువ్వే తుడిచెయ్యమన్నావు."

మంగతాయారు గ్లాసుడు కందిపప్పు కడిగి, నీళ్లు పోసి, కుక్కర్ మూత బిగించి, చంకలో పెట్టుకుని ట్రామ్ స్టాప్‌కు నడిచింది. స్టాప్ వెనక పార్కులో ఎవరైనా వాడుకోగల కరెంటు పొయ్యి ఉంది, ఇక్కడివాళ్లు బార్బీ అంటారు. దాని మీద ఎవరివో మాంసం సాసేజ్‌లు వేగుతున్నాయి. "ఎక్స్‌క్యూజ్ మీ," అని ఆకాశం వైపు చూస్తూ వాటి పక్కన కుక్కర్ పెట్టింది.

పేమా కుక్కర్ని చూసింది. ఆంటీని చూసింది. "అడిగినప్పుడే చెప్పొచ్చుగా ఆంటీ?"

"నీ సంతోషం చూసి నోరు రాలేదే. తప్పు నాది. వాళ్లకు నేనే చెబుతా."

మూడింటికి ఫోన్‌లో ముగ్గురు న్యాయనిర్ణేతలూ బిశాలూ కనిపించారు. మంగతాయారు రాష్ట్రభాషలో అంతా చెప్పింది. తర్వాత అందరూ కుక్కర్ని చూస్తూ ఎదురుచూశారు. బార్బీకి తొందర లేదు. పది నిమిషాలైంది. పదిహేనైంది. ఒక న్యాయనిర్ణేత వాచీ చూసుకున్నాడు. మూడూ పద్దెనిమిదికి కుక్కర్ కూసింది. పంతొమ్మిది మందీ అరిచారు. పేమా స్విచ్ కోసం చెయ్యి చాచింది.

"ఆగు! ఇంకా రెండున్నాయి," అంది మంగతాయారు.

మూడో కూత అయ్యాక న్యాయనిర్ణేతల్లో ఒకావిడ గొంతు సవరించుకుంది. "శబ్దం ఇదే. నెట్‌లోది కాదు. కానీ ఈవిడ బ్యాండ్ మనిషి కాదుగా? నిబంధన..."

"ఈవిడ ఇప్పుడు బ్యాండ్ మనిషే మేడం," అన్నాడు బిశాల్.

ముగ్గురూ మైకు ఆపి మాట్లాడుకున్నారు. పేమా మంగతాయారు చెయ్యి పట్టుకుంది. మైకు తెరుచుకుంది. ఉకాలో చోటు ఉకాలోకే ఉంది. పేర్ల జాబితాలో ఒకటి చేరింది: మంగతాయారు, కుక్కర్.

అమ్మలా విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు బ్యాండ్‌లో ఉండవచ్చా అని ఆ సాయంత్రం నీలిమ ప్రభుత్వ వెబ్‌సైట్ అంతా వెతికింది. గాయకుల గురించీ, వాయిద్యకారుల గురించీ ఉంది గానీ, పప్పు వండేవాళ్ల గురించి ఏమీ లేదు.