రెండు చుట్లు ఎక్కువ

ఫోన్‌లో వీడియో చూసి కారు బాగుచేసుకునే మగవాడు ఇంటికి వరం. ఈ మాట ఒప్పుకోని వాళ్ళు ఇక్కడితో చదవడం ఆపి, మెకానిక్ షెడ్డు ముందు విరిగిన ప్లాస్టిక్ కుర్చీలో నాలుగు రోజులు కూర్చుని రావచ్చు!

మిగిలినవాళ్ళం నిదానంగా ఆలోచిద్దాం. అలాంటి మగవాడు ఉన్న ఇంట్లో టీవీ రిమోట్ ఎవరి చేతికి వస్తుంది? ఆయన కారు కింద పడుకున్నంతసేపు కూరలో ఉప్పు తక్కువైందని అనేవాడెవరు? స్పానర్ కోసం ఇల్లంతా వెతికితే మూడేళ్ళ కింద పోయిన పట్టకారు, పెళ్ళినాటి టార్చిలైటు, ఎవరిదో ఆధార్ కార్డు, అన్నీ బయటపడతాయి. ఇన్ని లాభాలు ఏ పథకంలో ఉన్నాయో మీరే చెప్పండి.

రాయికల్ పక్క ఊరి మొగిలినే తీసుకోండి. పదకొండేళ్ళుగా దుబాయ్‌లో డ్రైవర్. నలభై రోజుల సెలవు మీద వచ్చి ఒక పాత కారు కొన్నాడు. బండికి ఏమైనా అయితే దుబాయ్‌లో ఏం చేయాలో ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. పక్కకు ఆపాలి, కంపెనీకి ఫోన్ చేయాలి, ఏసీలో కూర్చోవాలి. పదకొండేళ్ళలో ఒక్కసారీ బానెట్ ఎత్తింది లేదు. అయితే దుబాయ్ డ్రైవరంటే సగం ఇంజనీరని ఊరి నమ్మకం. ఆ నమ్మకాన్ని మొగిలి కూడా ఎన్నడూ పాడుచేయలేదు.

శుక్రవారం పదకొండు గంటలకు సిరిసిల్లలో బావమరిది గంగాప్రసాద్ కొత్తింటి గృహప్రవేశం. మొగిలి భార్య ఊర్మిల ఇన్నేళ్ళూ తల్లిగారింటికి బస్సులో ఒక్కతే, చాలాసార్లు నిలబడే, పోయి వచ్చింది. ఈసారి సొంత కారులో మొగుడి పక్కన కూర్చుని పోవాలి, వాకిలి ముందే దిగాలి. బస్సు దిగి నడిచి వస్తే వదినలు ఏమంటారో ఆమెకు ముందే నోటికి వచ్చు.

మంగళవారం స్టీరింగ్ తిప్పితే గరగరమంది. జగిత్యాలలో మెకానిక్ శ్రీశైలం ఎడమ చక్రం వెనకకు వంగి చూశాడు.

"స్టీరింగ్ రాడ్ మీది రబ్బరు చినిగింది అన్నా. దుమ్ము లోపటికి పోతున్నది. గిట్లనే సిరిసిల్ల దాక పోతే నడిమిట్ల స్టీరింగ్ పట్టేస్తది."

"ఎప్పుడు చేస్తవ్?"

"ఐతారం దాక చెయ్యి ఖాళీ లేదు. అయినా నువ్వు దుబాయ్‌ల చేసినోనివి. ఇంటికాడనే ఏసుకో."

దొరికిపోయాడు మొగిలి. రాదని ఎలా అంటాడు?

ఆ రబ్బరు గురించి ఒక మాట. జానెడు తొడుగు, హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉంటుంది. రాడ్‌కు మట్టి అంటకుండా చూడడమే దాని ఉద్యోగం. అంత గట్టి రబ్బరు ఎందుకు చినిగిందని మాత్రం అడగకండి. అది మనకు అనవసరం.

జగిత్యాలలో ఆ సైజు లేదంటే కోరుట్ల దాకా పోయి తెచ్చాడు. రెండు కొసలకూ రెండు క్లిప్పులు ఉండాలి. పెట్టెలో ఒకటే ఉంది. గురువారం పొద్దున్నే కారును జాకీ మీదికి ఎత్తి, చక్రం తీసి, ఫోన్‌ను చీపురుకు ఆనించి పని మొదలుపెట్టాడు. వీడియోలో తెల్ల చొక్కా మనిషి ఇరవై నిమిషాల్లో పని ముగించాడు, చొక్కాకు మరక లేదు! మొగిలికి మొదటి నట్టుకే గంటన్నర పట్టింది.

తెల్ల చొక్కా ఒక సంగతి మూడుసార్లు చెప్పాడు. రాడ్ కొసనున్న ముక్కను విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకో, మళ్ళీ బిగించేటప్పుడు సరిగ్గా అన్నే తిప్పు, తేడా వస్తే చక్రం వంకర చూస్తుంది.

చేతుల నిండా గ్రీజు, కళ్ళ నిండా చెమట. లెక్క ఎవరు పెట్టాలి? అరుగు మీద చేట ఒళ్ళో పెట్టుకుని తల్లి ఐలవ్వ బీడీలు చుడుతోంది. నలభై ఏళ్ళుగా లెక్కపెట్టడమే పనిగా ఉన్న మనిషి.

"అవ్వా, నేను తిప్పుత. నువ్వు సుట్లు లెక్కపెట్టు."

"తిప్పు కొడుకా. బీడీల కన్న ఎక్కువుంటయా ఏంది."

తిప్పాడు. ముక్క ఊడి చేతికి వచ్చింది.

"ఎన్నయినయ్?"

"ఇరువై రెండు."

చినిగినది లాగేసి కొత్తది తొడిగాడు. క్లిప్పు లేని కొసకు ఐలవ్వ బీడీ దారం పది వరసలు చుట్టి ముడి వేసింది. ఇరవై రెండు చుట్లు లెక్కపెట్టి బిగించేసరికి పొద్దు వాలింది.

"అయిందా? లేకుంటే బస్సు టైం కనుక్కోవాల్నా?" అంది ఊర్మిల.

"అయింది. నువ్వు చీర తీసి పెట్టుకో."

"చీర నిన్ననే తీసిన. నాకు నీ మీదనే నమ్మకం లేదు."

తెల్లవారి బయలుదేరారు. ఊరి నుంచి పెద్ద రోడ్డుకు మూడు కిలోమీటర్లు. కొత్త రోడ్డు వేస్తామని పాతది గీకేసి, కంకర పోసి, బోర్డు పాతి పోయి ఏడాది దాటింది. బోర్డు మాత్రం చాలా గట్టిగా వేశారు, గాలివానకు కూడా కదల్లేదు! బుద్ధి ఉన్నవాళ్ళు కంకర జోలికి పోకుండా ఎడమ పక్క మట్టిలో నడుపుతారు.

మొగిలి స్టీరింగ్ నిటారుగా పట్టుకున్నాడు. కారు తనంతట తానే ఎడమకు జరిగి మట్టిలోకి దిగింది. ఒక్క రాయి తగల్లేదు.

"ఏందయ్యా, దీనికి తొవ్వ ఎరికున్నట్టే ఉన్నది."

"నేనే తిప్పిన."

"నీ చేతులు కదలనే లేదు. సూస్తనే ఉన్న."

పెద్ద రోడ్డు ఎక్కాక చిక్కు వచ్చింది. అక్కడ నున్నటి తారు. కారుకు నచ్చలేదు. సిరిసిల్ల దాకా మట్టి కోసం ఎడమకే గుంజింది. స్టీరింగ్ కుడికి పట్టి పట్టి మొగిలికి భుజం వాచింది. పదకొండుకు పది నిమిషాలుండగా వాకిలి ముందు ఆగారు. ఊర్మిల నెమ్మదిగా దిగింది. వదినలు చూశారో లేదోనని, తలుపు సరిగా పడలేదన్నట్టు ఇంకోసారి తెరిచి గట్టిగా వేసింది.

ఆదివారం శ్రీశైలం కొలిచి చూసి, "రెండు సుట్లు ఎక్కువ బిగించినవ్ అన్నా. దుబాయ్‌ల గిట్లనే ఏస్తరా?" అని నవ్వి సరిచేశాడు. మొగిలి మండిపోతూ ఇంటికి వచ్చాడు.

"అవ్వా, నిజం చెప్పు. ఎన్ని సుట్లు తిరిగింది?"

"ఇరువై. రెండు కలిపి చెప్పిన."

"ఎందుకు కలిపినవే?"

"కలపకపోతే ఎట్ల? కంపెనీల బీడీలు సూసేటోడు గిది బాలేదు గది బాలేదని రెండు తీసి పారేస్తడు గద. నలభై ఏండ్ల సంది కట్టకు రెండు ఎక్కువనే ఏస్తున్న. నీ దగ్గెర ఎవ్వలు పారెయ్యరని నాకేమెరుక?"

చక్కబడ్డ కారు సోమవారం చక్కగా కంకరలోకే పోయింది. బుధవారానికి కోరుట్ల రబ్బరు నడుమ నిలువునా చినిగింది. బీడీ దారం ముడి మాత్రం అలాగే ఉంది.

మొగిలి మళ్ళీ కోరుట్ల పోయి వచ్చి, మళ్ళీ జాకీ ఎత్తాడు. "అవ్వా, ఈసారన్న ఉన్నన్నే చెప్పు."

"వద్దత్తా," వంటింట్లోంచి ఊర్మిల అంది. "రెండు కలిపే చెప్పు. రోడ్డు సక్కగైన నాడు బండి సక్కగ చేసుకుందాం."

అలాగే చేశారు. ఇప్పుడా కారు ఊరి దారిలో హాయిగా వంకరగా పోతోంది. వీడియో చూసే మగవాడు వరమని నేను మొదటే చెప్పానా లేదా?

పోతే, రోడ్లు వేయించే పెద్దలకు చిన్న విన్నపం. పారేసేవాడు ఉంటాడని ముందే రెండు ఎక్కువ వేసే మనిషి ఒకరు మా దగ్గర ఉన్నారు. ఆ మూడు కిలోమీటర్ల తారు లెక్క చూసే ఉద్యోగం ఖాళీ ఉంటే ఐలవ్వకు ఇప్పించండి. చేట ఆమే తెచ్చుకుంటుంది.