చిటికెడు పిండి లెక్కలోకి రాదు

మా అమ్మాయికి జబ్బేమీ లేదని మా కుటుంబం ఏకగ్రీవంగా తీర్మానించింది. జబ్బుందని చెప్పిన డాక్టరమ్మను ఆ సమావేశానికి పిలవలేదు కాబట్టి ఏకగ్రీవానికి భంగమేమీ కలగలేదు.

తీర్మానానికి బలమైన కారణమే ఉంది. మాది బేకరీ. కింద దుకాణం, పైన ఇల్లు. మేము దగ్గితే పిండి రాలుతుంది. అలాంటి వంశంలో పుట్టిన పిల్లకి గోధుమ పడదనడం చేపపిల్లకి నీళ్ళు పడవనడం లాంటిదని మా మామగారు సెలవిచ్చారు.

పిల్లని ఇంట్లో పిచ్చుక అంటాం. తిన్నది ఒంటబట్టదు, పొట్ట మాత్రం ఉబ్బుతుంది, మెట్లెక్కితే ఆయాసం. "నీ గడ్డం కౌంటరు పైకొచ్చిన రోజున నిన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడతానే" అని తాత ఎప్పుడో మాటిచ్చారు. అది రోజూ బడి నుంచి రాగానే కౌంటరు ముందు నిటారుగా నిలబడి చూసుకుంటుంది. కళ్ళు వచ్చాయి. ముక్కు రానంటోంది. దాని తోటి పిల్లలు మాత్రం కౌంటరు మీద మోచేతులానించి మరీ బిస్కెట్లు కొనుక్కుంటున్నారు.

డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, పేగులోకి కెమెరా గొట్టం పంపి చిన్న ముక్క తీయించి చూసి, సీలియాక్ అని తేల్చారు. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుందట. అది లోపలికి రాగానే ఒంట్లోని కాపలాదళం కంగారుపడి, ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, సొంత పేగు గోడనే పాడుచేసుకుంటుందట. ఆ గోడకున్న నూగు అరిగిపోతే ఇక తిన్నదేదీ లోపలికి ఇంకదు. ఇంతవరకూ మా అత్తగారు శ్రద్ధగానే విన్నారు. మందు లేదు, గోధుమా బార్లీ లాంటివి జన్మలో ముట్టకపోవడమే వైద్యం, రవ్వంత కూడా తగలకూడదు అనేసరికి ఆవిడకి వైద్యశాస్త్రం మీదే గౌరవం పోయింది.

"బిళ్ళ లేదు, సూది లేదు, కనీసం టానిక్కయినా లేదు. మానేస్తే పోయేదానికి జబ్బని పేరెందుకే?"

అయినా మావాళ్ళు మంచివాళ్ళు. పథ్యాన్ని గౌరవించారు, దాంతోపాటు పిల్లని ప్రేమించారు. చిక్కంతా అక్కడే వచ్చింది. అత్తగారు పిల్లకి బ్రెడ్డు పెట్టలేదు, బ్రెడ్డు అంచులు పెట్టారు. మా ఆడపడుచు బిస్కెట్టు సగానికి విరిచి, "మరీ చాదస్తం వదినా నీది! కొంచెమే కదా, ఏం కాదు" అని పిల్ల నోట్లో పెట్టింది. సూపు చిక్కబడడానికి వేసిన పిండి సూపు కిందికే వస్తుందని మా ఆయన తీర్పు చెప్పారు. పైగా రోజూ కాస్త కాస్త పెడుతూ పోతే పేగుకి అదే అలవాటవుతుందని ఒక సిద్ధాంతం కూడా ప్రతిపాదించారు.

"నిప్పు కూడా అలాగే అలవాటవుతుందేమో, ముందు మీరు మొదలుపెట్టండి" అన్నాను. ఆయనకి దుకాణంలో పని గుర్తొచ్చింది.

ఎవరు పెట్టింది వాళ్ళ లెక్కలో కొంచెమే. అన్నీ చేరేది మాత్రం ఒక్క పొట్టలోకి.

చివరికి మామగారు మనసు కరిగి, పిచ్చుక కోసం బియ్యప్పిండితో ప్రత్యేకంగా కేకు చేశారు. దాన్ని బల్ల మీద పెట్టి ప్రసంగించారు: "ఈ కేకులో గోధుమ అణువంతైనా లేదని మా సంస్థ తరఫున హామీ ఇస్తున్నాను!" అందరం చప్పట్లు కొట్టాం. మర్నాడు పిల్ల పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. తప్పు బియ్యానిదని తేల్చారు.

రెండోసారి చేస్తున్నప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. ఆయన కేకు గిన్నెకి వెన్న రాశారు. ఆ తర్వాత చెయ్యి దానంతటదే పక్క డబ్బాలోకి వెళ్ళింది, గుప్పెడు తీసింది, గిన్నె నిండా చల్లింది.

"మావయ్యగారూ, ఏంటది?"

"ఏది?"

"ఇప్పుడు చల్లింది. గోధుమ పిండే కదా?"

"అవును. కేకు అంటుకోకుండా. ఇది కేకులోది కాదమ్మా, గిన్నెది."

"కేకు ఆ గిన్నెలోనే కదండీ ఉడికేది!"

ఆయన గిన్నెని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశారు. "గిన్నెకి జబ్బు లేదు కదమ్మా" అన్నారు.

వాదన అక్కడ ఆగిపోయి ఉండేదే. అంతలో వీధి చివర జిమ్ము నడిపే టీచరమ్మ, గ్లూటెన్ మానేస్తే నడుం సన్నబడుతుందని సెలవిచ్చింది. వారం తిరక్కుండా వీధిలోని ఆడవాళ్ళకీ, చాటుగా మగవాళ్ళకీ గోధుమ పడడం మానేసింది. గోధుమ లేని కేకు కోసం అందరూ మా కౌంటరు మీద పడ్డారు. "గిన్నెకేం రాస్తారు? కత్తి వేరేనా? ఆ పొయ్యిలో ఇంకేం కాలుస్తారు?" అని నిలదీశారు. అందరికంటే ముందు నిలబడి నిలదీసింది మా ఆడపడుచు.

మామగారు చలించిపోయారు. వెనక గది ఖాళీ చేయించి సున్నం వేయించారు. కొత్త పొయ్యి, కొత్త గిన్నెలు, కొత్త కత్తులు వచ్చాయి. పిండి అంటిన చెప్పులతో ఎవరూ గడప దాటకూడదని ఆజ్ఞ జారీ అయింది. ప్రారంభోత్సవంలో ఆయన గద్గద స్వరంతో, "గోరంత పిండి కూడా విషమేనని మా సంస్థ మొదటి నుంచీ నమ్ముతోంది!" అన్నారు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ గదిలోనే పిచ్చుకకీ తిండి తయారవసాగింది. పొట్ట నొప్పి తగ్గింది, బుగ్గలొచ్చాయి. తర్వాతి రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ, "మీ ఇంట్లో అందరూ బాగా సహకరించారన్నమాట" అని మెచ్చుకున్నారు. నడుములు సహకరించాయని నేను చెప్పలేదు.

ఏడాది తిరిగాక, మొన్న సాయంత్రం పిచ్చుక గడ్డం కౌంటరు మీదికి ఎక్కింది. తాత మాట నిలబెట్టుకుని గల్లాపెట్టె దగ్గర ఎత్తు కుర్చీ వేశారు. అందరికీ వెనక గదిలో చేసిన కేకు పంచారు. చివరి ముక్క మా ఆడపడుచు లాగేసుకుంది. "నాకు వేరేవి పడవు వదినా, చిన్న పలుకు తగిలినా మొహం ఉబ్బిపోతుంది. దానికేం, చిన్నపిల్ల, ఆ మామూలు బిస్కెట్టు పెట్టు" అంది.

పిచ్చుక ఆ బిస్కెట్టుని సగానికి విరిచి, ఎంతో ప్రేమగా మేనత్త నోటి దగ్గర పెట్టింది.

"కొంచెమే కదత్తా, ఏం కాదు."

ఆడపడుచు కెవ్వుమని కుర్చీలోంచి లేచింది. ఇల్లంతా పిల్ల మీద విరుచుకుపడింది. "పడదని చెబుతుంటే పెడతావేంటే? ఒకరి ఆరోగ్యంతో ఆటలా? ఎవరు నేర్పారే నీకిలాంటి బుద్ధులు?" అని నానమ్మ నిలదీశారు.

నిజమే, పెద్దవాళ్ళున్న ఇల్లు కదా. ఎవరు నేర్పి ఉంటారో మాకెవరికీ అంతుపట్టలేదు.