కోటిలింగం గారి అంతరిక్ష పర్యటన

ఆగండాగండి, కాఫీ తర్వాత తాగుదురుగానీ ముందిది వినండి! మన పశుసంవర్ధక శాఖ మంత్రి కోటిలింగం గారు రోదసీయానం స్టడీ చెయ్యడానికి ఏకంగా అమెరికా వచ్చేశారు. "మనిషికంటే ముందు పైకెళ్ళింది కుక్కలూ కోతులూ. కాబట్టి ఈ సబ్జెక్టు మా శాఖదే" అని డెట్రాయిట్ ఎయిర్‌పోర్టులోనే ప్రకటించారు. ఎంత ముందుచూపు! అమెరికావాళ్ళకి ఇరవయ్యేళ్ళుగా ఈ ముక్క తట్టనేలేదు.

డెట్రాయిట్ పక్కనే ట్రాయ్‌లో ఉండే కార్ల ఇంజనీరు జగదీష్ ఆఫీసుకి సెలవు పెట్టి, వ్యాన్ రెంట్ చేసి, మంత్రిగారినీ పరివారాన్నీ సైన్స్ మ్యూజియంకి డ్రైవ్ చేశాడు. అతని బాధ అతనిది. అక్క గుంటూర్లో, పశువుల డాక్టరైన బావ ఆదిలాబాద్ అడవుల్లో! ఒక్క ట్రాన్స్‌ఫర్ పడితే చాలు, కాపురం ఒకచోట పడుతుంది.

మ్యూజియంలో తొలిరోజుల క్యాప్సూల్ నమూనా చూసి మంత్రిగారు తెల్లబోయారు.

"ఒక్కటే సీటేంటయ్యా?"

"మొదట్లో ఒక్కళ్ళే వెళ్ళేవారు సార్."

"పీయే లేకుండానా! పాపం, పొగిడేదెవరు?"

"రేడియోలో మాట్లాడేవాళ్ళు సార్. ముందు చింపాంజీని కూర్చోబెట్టి చూశారు."

"అది నడిపిందా?"

"అక్కర్లేదు సార్, అంతా కిందనుంచే నడిపిస్తారు. లోపల కూర్చుంటే చాలు."

"అయితే నాకు పదేళ్ళ ఎక్స్‌పీరియన్సుంది!" అంటూ మంత్రిగారు ఎక్కబోయి ఇరుక్కున్నారు. కూడా వచ్చిన ఎమ్మెల్యే రత్నం గారు వెనకనుంచి భక్తిగా ఒక్క తోపు తోశారు. "ఫొటో బాగా రానీ జగదీషూ, సోమవారానికి మీ బావ గుంటూర్లో ఉంటాడు" అని లోపల్నుంచి వరమిచ్చారు మంత్రిగారు. గైడు తలుపేసింది. గాజు కిటికీలోంచి నవ్వు కనిపిస్తోంది, మాట వినిపించడం లేదు.

అప్పుడే కౌంటర్లో జగదీష్‌కి ఫోనొచ్చింది. ఇంటినుంచి వాళ్ళావిడ వసుమతి.

"ఏవండీ, హైదరాబాద్ నించి ఇప్పుడే కాల్ చేశారు. క్యాబినెట్ మార్చేశారట! కోటిలింగం గారిని పీకేసి, ఆ శాఖ రత్నం గారికిచ్చారట!"

జగదీష్ గబగబా వచ్చి ఆ మాట చెప్పాడో లేదో, పరివారమంతా రత్నం గారికి దణ్ణాలు పెట్టేసి, చంద్రుడి ఫొటోలు చూడాలని పక్క హాల్లోకి పరిగెత్తింది. విజ్ఞానతృష్ణ అంటే అదీ!

రత్నం గారు గంభీరంగా కండువా సర్దుకున్నారు. "మీ బావగారి సంగతి నేను చూసుకుంటాగా. ముందాయన్ని దింపి నన్నెక్కించండి."

"పదవి పోయిందని ఆయనకి మీరే ఓ మాట చెప్పండి సార్..."

"నేనా? పెద్దాయన, నాకు గురువులాంటివారు. నా నోటితో ఎలా చెప్పను? మీరు చెప్పండి."

కిటికీలో కోటిలింగం గారు ఇంకో ఫొటో తియ్యమని వేలు చూపిస్తున్నారు. గైడు తలుపు మీద చెయ్యేసి, తియ్యనా అన్నట్టు జగదీష్ వైపు చూస్తోంది.

మీరైతే ఏం చేస్తారు చెప్పండి?