పంది నిలబడిన చోటు

రాయికుంటపేట మున్సిపల్ చైర్మన్ విజేందర్ గారు ఒక సోమవారం ప్రెస్ మీట్ పెట్టి, ఈ ఏడాది రాష్ట్రస్థాయి 'స్వచ్ఛ పరివర్తన' పురస్కారం తమ పట్టణానికే వస్తుందని ప్రకటించారు. దానికోసం ఏమేం చేశారని ఒక విలేకరి అడిగాడు.

"ఇంక దరఖాస్తు పెట్టలే. పెడ్తం," అన్నారు చైర్మన్ గారు.

ఆత్మవిశ్వాసం అంటే అలా ఉండాలి. మర్నాడు పేపర్ల జిల్లా పేజీల్లో ఆ ఆత్మవిశ్వాసం ఫోటోతో సహా అచ్చయింది. ఫోటోలో చైర్మన్ గారికి నిండుగా జుట్టు ఉంది. ఆ జుట్టు పరమేష్ పెట్టిందే.

పరమేష్‌కు మక్తల్ బస్సులు ఆగేచోట, నాలుగో వార్డు మూలమీద, కూతురి పేరున ప్రవళిక డిజిటల్ స్టూడియో ఉంది. అతని కంప్యూటర్లో 'విజేందరన్న' అని ఒక ఫోల్డర్. అందులో చైర్మన్ గారు నాలుగు రకాలుగా ఉంటారు: దండం పెడుతూ, చెయ్యి ఊపుతూ, ఫోన్ మాట్లాడుతూ, ప్రజల గురించి ఆలోచిస్తూ. నాలుగూ పన్నెండేళ్ల కిందటివి. ఈ పన్నెండేళ్లలో ఆయన రెండుసార్లు పార్టీ మారారు. కండువా రంగు మార్చడానికి పరమేష్‌కు రెండు నిమిషాలు పట్టింది. చైర్మన్ గారికి పాపం రెండు రోజులు పట్టింది.

పరమేష్‌కు నీతి లేదని ఎవరూ అనలేరు. ఎంత పెద్ద నాయకుడైనా పదిహేనేళ్లకు మించి వయసు తగ్గించడు. చనిపోయినవాళ్ల ఆధార్ కార్డు ఫోటో తెస్తే కళ్లు తెరిపిస్తాడు, బతికుండగా పెట్టుకోని కమ్మలు పెడతాడు, కానీ ఇంటివాళ్లు అడిగినదానికంటే ఒక్క నగ కూడా ఎక్కువ పెట్టడు. అబద్ధానికి ఒక హద్దు ఉండాలని అతను గట్టిగా నమ్మేవాడు.

మంగళవారం సాయంత్రం చైర్మన్ గారు కమిషనర్ గారిని వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చారు. పురస్కారానికి రెండు ఫోటోలు కావాలట. ఒకే వీధి, ఒకే యాంగిల్. మొదటిదాంట్లో ఘోరమైన మురికి, రెండోదాంట్లో అద్దంలాంటి శుభ్రం. మార్కులన్నీ మార్పుకే. నాలుగో వార్డు పెద్ద వీధిని ఎంపిక చేశారు.

"గీ గల్లీ మురికిగ ఉన్నప్పటి ఫోటో ఉన్నదారా?" అని అడిగారు చైర్మన్ గారు.

"ఎన్నడన్న మురికిగ ఉంటె గద అన్నా. ఈదమ్మవ్వ ఉండనియ్యదు."

ఈదమ్మ ఆ వీధి సఫాయి కార్మికురాలు. పంతొమ్మిదేళ్లుగా ఔట్‌సోర్సింగే. తెల్లారక ముందే ఊడ్చడం మొదలుపెడుతుంది. పరమేష్ కత్తిరించిన ఫోటో ముక్కలు గడప బయట పారేస్తే, అవన్నీ ఏరి తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "నీయే కొడుకా, మర్శిపోయినవ్," అని వెళ్లిపోతుంది. అలా రెండుసార్లు పెట్టించుకున్నాక అతను ఒక చెత్తబుట్ట కొనుక్కున్నాడు.

చైర్మన్ గారి ముఖం వాడిపోయింది. "అంటె గామె మన అవార్డుకు అడ్డం పడ్తాంది."

"సమస్యేమిటంటే సార్, మనకు బేస్‌లైన్ లేదు," అన్నారు కమిషనర్ గారు. "ముందు వెనకబడి ఉంటేనే కదా, తర్వాత అభివృద్ధి చెందేది."

ఇద్దరూ పరమేష్ వైపు చూశారు.

బుధవారం పొద్దున ఏడింటికి పరమేష్ వీధి ఫోటో తీశాడు. వీధి కడిగినట్టుంది. కరెంటు స్తంభం పక్కన ఈదమ్మ చీపురు పట్టుకుని నిలబడి కెమెరా వైపు చూస్తోంది. ఇక మిగిలింది చెత్త. ఇంటర్నెట్‌లో వెతికితే ఒక కుప్ప దొరికింది గానీ, అందులో పిజ్జా డబ్బాలు, పక్కన కాస్త మంచు ఉన్నాయి.

"గిది మన చెత్త కాదురా, పసిగడ్తరు," అన్నారు చైర్మన్ గారు. "లోకల్ చెత్త గావాలె."

రాయికుంటపేటలో అంత చెత్త ఒక్కచోటే ఉంది. చైర్మన్ గారి సొంత ఫంక్షన్ హాల్ వెనక. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. చైర్మన్ గారు హుందాగా వెనక గేటు తాళంచెవి తీసి ఇచ్చారు. పరమేష్ ముక్కు మూసుకుని పద్నాలుగు కోణాల్లో చెత్త ఫోటో తీశాడు. పెళ్లి ప్లేట్ల మధ్య మేస్తున్న పంది ఒకటి తలెత్తి కెమెరాకేసి చూసింది. అంత సహజంగా పోజిచ్చిన మనిషిని స్టూడియో పెట్టాక అతను చూడలేదు.

మధ్యాహ్నానికి కంప్యూటర్లో వీధినిండా చెత్త పోయడం అయిపోయింది. పందికి మాత్రం జాగా దొరకలేదు. ఎక్కడ పెట్టినా వెలుతురు కుదరడం లేదు. స్తంభం పక్కన ఒక్కచోట చక్కగా కుదిరింది. అక్కడ ఈదమ్మ ఉంది. పరమేష్ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఈదమ్మను తీసి పందిని పెట్టాడు.

రెండో ఫోటోలోనైనా ఆమెను ఉంచుదామనుకున్నాడు. కమిషనర్ గారు నిబంధన చూపించారు: 'పని జరుగుతున్నట్లు కాక, పని పూర్తయినట్లు కనిపించవలెను.' కాబట్టి అందులోనూ తీసేసి, ఖాళీ అయిన చోట దండం పెడుతున్న చైర్మన్ గారిని నిలబెట్టాడు. కమిషనర్ గారు చిన్నగా దగ్గారు.

"రెండు ఫోటోలూ పక్కపక్కన వేస్తారు సార్. పంది నిలబడిన చోటే మీరు కూడా..."

చైర్మన్ గారిని నాలుగడుగులు ఇవతలికి జరిపారు. మొదటి ఫోటో మూలన జూన్ 12 అని పాత తేదీ ఒకటి వేశారు.

'అప్పుడు – ఇప్పుడు' అని అన్ని పేపర్లూ వేశాయి. నాలుగో వార్డు జనం ఆ ఫోటోలు చూసి తమ వీధి ఇంత అధ్వానంగా ఉండేదా అని ఆశ్చర్యపోయారు. టీ కొట్టు భిక్షపతి మాత్రం ఆశ్చర్యపోలేదు. "గా పంది నాకు యాదికున్నది. శానా సతాయించింది," అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు.

హైదరాబాద్ నుంచి అభినందనలు వచ్చాయి. వాటితోపాటు ఒక ప్రశ్న కూడా వచ్చింది. జూన్ 12న వీధి అలా ఉండడానికి బాధ్యులెవరు, వారిపై తీసుకున్న చర్య ఏమిటి? దరఖాస్తులో ఆ గడి ఖాళీగా ఉంది. ఏ గడినీ ఖాళీగా ఉంచడం కమిషనర్ గారి స్వభావం కాదు.

నాలుగు రోజులకు ఈదమ్మ ఒక కాగితం పట్టుకుని స్టూడియోకు వచ్చింది.

"కొడుకా, జర గిదేందో సదువు. జవాను శేతిల వెట్టి ఏం జెప్పకుండ పాయె."

పరమేష్ చదివాడు. "జూన్ 12న మీ పరిధిలోని వీధిలో చెత్తకుప్పలు, పంది, ఒకటి, ఉన్నట్లు ఛాయాచిత్రం ద్వారా రుజువైనందున, మిమ్మల్ని విధుల నుంచి ఎందుకు తొలగించరాదో మూడు రోజుల్లో..."

"పందా? ఏదీ, సూపియ్యి."

పేపరు ఇచ్చాడు. ఈదమ్మ దాన్ని కళ్ల దగ్గరకు తెచ్చుకుంది. పందిని చూడలేదు. చెత్తను చూసింది. ఎంతోసేపు చూసింది.

"గిది నా గల్లీ చెత్త కాదు కొడుకా. గిన్ని బిర్యానీ ప్లేట్లు మా గల్లీల ఎవరు పారేస్తరు? గిది ఫంక్షన్ హాల్ ఎనకది. దినాం గా గేటు ముంగటికెళ్లే పోత. నేను ఎత్తిన చెత్త ఏదో, ఎత్తనిదేదో నాకు తెల్వదా?"

పంతొమ్మిది ఏళ్ల సర్వీసు ముందు పరమేష్ పద్నాలుగు కోణాలూ నిమిషం కూడా నిలబడలేదు.

"గా పోలు కాడ నేనుంటి గద. నువ్వే గద ఫోటో దించినవ్. నేనేడికి వోయిన?"

అతను మానిటర్ ఆమె వైపు తిప్పి అసలు ఫోటో తెరిచాడు. కడిగినట్టున్న వీధి, పొద్దుటి ఎండ, చీపురుతో ఈదమ్మ.

"మంచిగనే ఉన్న," అంది ఈదమ్మ మెల్లగా. తర్వాత అతని చెయ్యి పట్టుకుంది. "గిది తీస్కపోయి సార్లకు సూపియ్యి కొడుకా. నాకు గీ నౌకరి దప్ప ఇంకోటి లేదు."

పరమేష్‌కు చచ్చేంత సిగ్గేసింది. స్టూడియో నడిచేది 'విజేందరన్న' ఫోల్డర్ మీదే. రాత్రంతా ఆ ఫోల్డర్ గురించే ఆలోచించి, పొద్దున ఫోటో పెద్ద సైజులో ప్రింటు తీసుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాడు. జీవితంలో మొదటిసారి ఏమీ మార్చకుండా తీసిన ప్రింటు అది.

విచారణకు త్రిసభ్య కమిటీ కూర్చుంది. కమిషనర్ గారు, ఒక ఇంజనీరు గారు, ఒక శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు. ఈదమ్మ తలుపు దగ్గర నిలబడింది. కమిషనర్ గారు పరమేష్ తెచ్చిన ప్రింటునూ, పంది ఫోటోనూ పక్కపక్కన పెట్టుకున్నారు.

"ఇందులో ఒరిజినల్ ఏది?"

"ఈదమ్మవ్వ ఉన్నది సార్."

"ప్రభుత్వానికి అప్‌లోడ్ అయింది ఏది?"

"పంది ఉన్నది సార్."

"అప్‌లోడ్ అయ్యాక ఇక అదే కదా ఒరిజినల్?"

"సార్, గా పందిని పెట్టింది నేనే సార్."

"ఎక్కడి నుంచి తెచ్చి పెట్టావు?"

"ఫంక్షన్ హాల్ ఎనకకెళ్లి సార్."

కమిటీ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. ఆ జవాబు రికార్డులో రాయనక్కర్లేదని ఏకగ్రీవంగా తీర్మానించారు. తర్వాత ఇంజనీరు గారు స్కేలు తీసి ఈదమ్మ ఫోటోను కొలిచారు.

"మనిషికన్నా నీడ మూడింతలుంది. ఇది అసాధ్యం."

"పొద్దుగాల ఏడింటికి దించిన సార్."

"ఆఫీసు టైము పదింటి నుంచి. పదింటికి నీడ ఇంతుండదు."

"సారూ, గాడున్నది నేనే సారూ," అంది తలుపు దగ్గర్నుంచి ఈదమ్మ.

"నువ్వు ఆగమ్మా. ఇది టెక్నికల్ మేటర్," అన్నారు కమిషనర్ గారు దయగా.

సాయంత్రానికి నివేదిక తయారైంది. 'అసలు ఛాయాచిత్రంలోని పందిని తొలగించి, దాని స్థానంలో ఒక మహిళను అక్రమంగా చేర్చినట్లు నిర్ధారణ అయినది.' ఈదమ్మను తొలగించారు. ఫోటోలు మార్చడం ఎంత అనైతికమో పరమేష్‌కు అరగంట బోధించి, ఇకపై ఏ ఫోటోనూ మార్చనని కాగితం రాయించుకుని సంతకం పెట్టించుకున్నారు. బయటికి వస్తుంటే చైర్మన్ గారి ఫోన్ వచ్చింది. తెల్లారి ఆయన పుట్టినరోజు. ఫ్లెక్సీలో జుట్టు ఇంకొంచెం ఒత్తుగా కావాలట.

ఈదమ్మ ఆ ప్రింటు తనకిమ్మని అడిగింది. పరమేష్ ఫ్రేమ్ కట్టించి ఇస్తూ, ముక్కుపుడక పెట్టాలా అవ్వా అన్నాడు, అలవాటు కొద్దీ.

"వద్దు. ఉన్నది ఉన్నట్టె ఉండనీ," అంది.

ఇప్పుడామె పొద్దున్నే ఆటో ఎక్కి జడ్చర్ల దగ్గర ఏదో కంపెనీ ఊడ్చడానికి పోతోంది. మోకాళ్ల నొప్పులతో ఆటో ఎక్కలేక ఎక్కే ఆమెను చూసినప్పుడల్లా పరమేష్ షట్టర్ తీయడం ఆపి, ఆటో మలుపు తిరిగేదాకా అటే చూస్తుంటాడు.

పురస్కారం వచ్చింది. షీల్డు వచ్చింది. షీల్డుతో చైర్మన్ గారి ఫ్లెక్సీ ఊరంతా వచ్చింది. ఈదమ్మ స్థానంలో మాత్రం ఎవరూ రాలేదు. రికార్డుల ప్రకారం అది పరివర్తన చెందిన వీధి. అలాంటి వీధిని మళ్లీ ఊడ్చడమంటే పురస్కారాన్ని అవమానించడమేనని కమిషనర్ గారి అభిప్రాయం.

దసరా నాటికి వీధిలో కుప్పలు లేచాయి. పెళ్లిళ్లు మొదలయ్యాక ఫంక్షన్ హాల్ ప్లేట్లు గాలికి ఎగిరొచ్చి వాటిమీద చేరాయి. ఒకరోజు పొద్దున పంది ఒకటి నింపాదిగా నడిచొచ్చి కరెంటు స్తంభం పక్కన నిలబడింది. పరమేష్ గడపలోంచి చూశాడు. వెలుతురు కూడా అచ్చం అలాగే పడుతోంది.

"సూసినవా?" అన్నాడు భిక్షపతి. "నేనప్పుడే జెప్పలే?"

అదేరోజు మధ్యాహ్నం చైర్మన్ గారు, కమిషనర్ గారు ముక్కులకు కర్చీఫులు అడ్డం పెట్టుకుని, ప్లేట్లు దాటుకుంటూ స్టూడియోలోకి వచ్చారు. పురస్కారం పొందిన పట్టణాలు వీధి ప్రస్తుత పరిస్థితి ఫోటోను సాయంత్రం అయిదింటిలోగా అప్‌లోడ్ చేయాలట. లేకపోతే షీల్డు వాపసు తీసుకుంటారట. ఈసారి ప్రజాప్రతినిధి శ్రమదానం చేస్తే అదనపు మార్కులు.

"జర గల్లీ మొత్తం సాఫ్ చెయ్యాలెరా," అన్నారు చైర్మన్ గారు కంప్యూటర్ వైపు చూపిస్తూ.

పరమేష్ అసలు ఫోటో తెరిచాడు.

ఇద్దరూ వంగి చూశారు. చైర్మన్ గారు కర్చీఫ్ తీసేశారు.

"అబ్బబ్బ! ఇంత జల్ది ఎట్ల చేసినవ్‌రా? నిజం గల్లీ లెక్కనే ఉన్నది!"

"గిది చేసింది కాదన్నా. గట్లనే ఉండె," అన్నాడు పరమేష్. "అన్నా, ఈదమ్మవ్వను మళ్ల డ్యూటీలకు పిలువురి. రెండు దినాలల్ల నిజంగనే గిట్ల చేస్తది."

"అయిదింటికే అప్‌లోడ్ అంటుంటె రెండు దినాలంటవేందిరా," అని చైర్మన్ గారు ప్రేమగా అతని వీపు తట్టారు. మళ్లీ ఫోటోలోకి తొంగిచూసి, కాసేపు పరీక్షగా చూశారు.

"అన్ని మంచిగున్నయ్ గని, గా ముసల్దాన్ని తీసెయ్," అన్నారు. "చీపురు ఉండనీ. చీపురుకు నన్ను పెట్టు."