అన్న పేరు మీద తమ్ముడి రక్తం

ఆ ఉదయం పని చాలా చిన్నది. దర్జీ అన్నదమ్ములిద్దరూ ల్యాబుకి వెళ్లాలి, అన్న రక్తం ఇవ్వాలి, తొమ్మిదికల్లా దుకాణం తెరవాలి. కిందటి నెల అన్నకి అరగంటసేపు మూతి వంకరపోయి, కుడిచెయ్యి పడిపోయింది. స్కానింగుల్లో ఏమీ దొరకలేదు. కారణం తెలియని స్ట్రోకన్నాడు డాక్టరు. రక్తం గడ్డకట్టే సూచనలేమైనా ఉన్నాయేమో చూద్దామన్నాడు.

ల్యాబు గుమ్మం దాకా వచ్చి అన్న ఆగిపోయాడు.

"ఆ కాగితంలో ఏం రాసొస్తుందో అని గుండె దడగా ఉందిరా. నువ్వు ఇచ్చెయ్."

"నా రక్తమా!"

"నా చొక్కాలన్నీ నీకు తొడిగే కదా సరిచూస్తాం? ఎప్పుడైనా అంగుళం తేడా వచ్చిందా?"

అన్న మాట జవదాటడం తమ్ముడికి చేతకాదు. పేరు పిలవగానే "నేనే" అని చెయ్యి చాపాడు. తనకే జబ్బూ లేదు, రిపోర్టు బాగుంటుంది, వదిన కుదుటపడుతుంది అనుకున్నాడు పాపం.

మర్నాడు రిపోర్టులో గడ్డల సూచన చూపే అంకె ఉండాల్సినదానికి నాలుగింతలు వచ్చింది. ఇక పని వద్దని వదిన అన్న కత్తెర బీరువాలో పెట్టి తాళం వేసింది. మధ్యాహ్నానికి ఇల్లంతా చుట్టాలే, నోటికొక వైద్యం. అన్న మంచమెక్కి, "దుకాణం ఇక నీదేరా" అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"అన్నయ్యా, అది నా రక్తం కదా!" అని తమ్ముడు చెవిలో గొణిగాడు.

"ఒకే తల్లి పిల్లలం. నీలో ఉంటే నాలో ఉన్నట్టే!"

సాయంత్రం డాక్టరు రాసిచ్చిన కొత్త మాత్ర వదిన అన్న నోటిదాకా తెచ్చింది. తమ్ముడు ఒక్క ఉదుటున లాక్కున్నాడు.

"వద్దు వదినా! ఆ రక్తం అన్నయ్యది కాదు, నాది!"

అన్నాక గానీ ఆ మాట అతనికే తగల్లేదు. అంటే ఆ నాలుగింతలు తనవే.

వదిన ఇద్దర్నీ తిట్టిపోస్తూనే ఆసుపత్రికి ఈడ్చుకెళ్లింది. అన్న రక్తం నిక్షేపంలా ఉంది. తమ్ముడి పిక్కలో రక్తపు గడ్డ దొరికింది. మెషీను తొక్కీ తొక్కీ వచ్చిన నొప్పని అతను నెలరోజులుగా దాన్ని రుద్దుకుంటున్నాడు.

"ఇంకో వారం ఆగుంటే ఊపిరితిత్తుల్లోకి వెళ్లేదేమో," అన్నాడు డాక్టరు. "సమయానికి పరీక్ష చేయించుకున్నారు."

అన్న తమ్ముడి భుజం పట్టుకుని గోడకేసి తిరిగి ఏడ్చాడు. తన స్ట్రోకుకి కారణం ఇంకా తెలియనే లేదు, అయినా ఆ పూట అతనికది గుర్తు లేదు.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరి రక్తం వాళ్లే ఇచ్చుకుంటున్నారు.